లేని ఇంటికి పిలుపు

జోగన్నపల్లెలో ఆడబిడ్డల కాన్పులకు ముహూర్తం పెట్టేది పురోహితుడు కాదు, కొంగలు.

పుష్యమాసంలో ఎర్రకాళ్ళ కొంగలు ఎక్కడెక్కడి నుంచో వచ్చి ఆ ఊరి పెరళ్ళలోని చింతచెట్ల మీద, వాకిళ్ళలోని వేపచెట్ల మీద గూళ్ళు కట్టుకునేవి. అవి వచ్చిన ఏడు ఊరివాళ్ళు కడుపుతో ఉన్న కూతుళ్ళను పుట్టింటికి తెచ్చుకుంటారు. రాని ఏడు తెచ్చుకోరు. చదువుకున్నవాళ్ళు నవ్వితే నవ్వుకోవచ్చు గాని, ఈ ఆచారం వెనక ఉన్నది దేవుడు కాదు, కరువు. కొంగ దిగిందంటే చెరువులో నీళ్ళున్నట్టు. నీళ్ళుంటే మడిలో వరి, గాదెలో గింజ, ఆవు పొదుగులో పాలు. గింజ లేని ఇంటికి బాలింతను పిలిస్తే ఏమవుతుందో ఊరు ఒకటికి రెండుసార్లు చూసింది. అప్పటినుంచి తమ కళ్ళకంటే కొంగ కళ్ళనే ఎక్కువ నమ్ముకుంది.

కొంగలకు జరిగేవి కూడా ఆడబిడ్డ మర్యాదలే. గూట్లో పిల్లలున్నన్నాళ్ళు ఎవరూ చింతకాయ దులపరు, డప్పు కొట్టరు, టపాకాయ కాల్చరు. శ్రావణంలో అవి పిల్లలతో తిరిగి వెళ్ళేటప్పుడు ఆడవాళ్ళు చెట్టు మొదట్లో ఒడిబియ్యం పోస్తారు. ఈ ఊరి పెళ్ళిళ్ళలో డప్పు మోగదని అల్లుళ్ళు ఇప్పటికీ దెప్పుతూనే ఉంటారు.

చెరువు ఎండి ఏడేళ్ళయింది. కొంగలు రాక కూడా ఏడేళ్ళే.

హంపమ్మకు ఇద్దరు కూతుళ్ళు. పెద్దది గిరిజ, బెంగుళూరులో ఒక పరిశోధనశాలలో శబ్దాల మీద పనిచేస్తుంది. పెళ్ళి మాటెత్తితే పరికరాల మాటెత్తుతుంది కాబట్టి ఇంట్లో ఆ మాట ఎత్తడమే మానేశారు. చిన్నది సునంద. కర్ణాటకలోని శిర దగ్గర ఒక పల్లెకు ఇచ్చారు. రెండుసార్లు కడుపు పోయింది. మూడోసారి నిలిచి అయిదో నెల వచ్చింది. మొగుడు మంచివాడే. అత్తగారు మాత్రం పోయిన రెండు కడుపులనూ కోడలి ఖాతాలోనే వేసే మనిషి.

కార్తీకంలో ఒక సాయంత్రం సునంద అక్కకు ఫోన్ చేసింది.

"అక్కా, కొంగలొచ్చినాయా?"

"ఇంకా టైముంది కదే. పుష్యం రానీ."

"చెరువులో చుక్క లేకుంటే యాడొస్తాయిలే." సునంద గొంతు తగ్గించింది. "ఈసారన్నా అమ్మ పక్కన పండుకోవల్లని ఉంది. ఈడ నాకు బయమైతాంది అక్కా."

"వస్తాయిలే," అంది గిరిజ.

ఆ ఆదివారమే ఊరికి వెళ్ళి తల్లిని కదిపి చూసింది. ఆస్పత్రి ఉంది, ఇంట్లో బియ్యం ఉన్నాయి, ఇంకా ఈ కొంగల లెక్క ఎందుకమ్మా అంది. హంపమ్మ చేటలో రాళ్ళు ఏరుతూ తలెత్తలేదు.

"మీ అవ్వ ఎవురి మాటా వినకుండ మీ అత్తను పిల్చుకొచ్చె, కొంగలు రాని ఏడు. తల్లీబిడ్డా ఇద్దరూ పోయిరి. ఆ పిల్లకు నేనే తల దువ్వినా ఆ పొద్దు. నన్ను అడగద్దు తల్లీ."

మేనత్త అనే మనిషి ఒకతె ఉండేదని గిరిజకు తెలుసు గాని, ఆమెకు తల దువ్విన చేతులు ఇవేనని తెలియదు. బెంగుళూరు బస్సెక్కింది. దారి పొడవునా ఆమెకు ఒకటే ఆలోచన. అమ్మ మారదు. మారాల్సింది కొంగలు.

అది వట్టి కోరిక కాదు. అందుకు కావలసింది ఆమె బల్లమీదే ఉంది.

నిండిన చెరువుకు ఒక ఘోష ఉంటుంది. అలల చప్పుడు కాదది. అంత బరువు నీరు అడుగునున్న బండను అదుముతూ కదిలినప్పుడు నేలలో పుట్టే వణుకు. మనిషి చెవికి అందదు. గిరిజ చదువుకునే రోజుల్లో భూమి అదురును కొలిచే పరికరం ఒకటి ఊరి చెరువుకట్టలో పాతి మరిచిపోయింది. చెరువు చివరిసారి నిండిన ఏడంతా అందులో నమోదై ఉంది. ఏళ్ళ తర్వాత తవ్వి తీసి చూస్తే, ఘోష ఒక స్థాయికి చేరిన పదోరోజుకు కొంగలు దిగినట్టు తేలింది. ఒక్కో చెరువుది ఒక్కో గొంతు. ఎక్కడో వందల మైళ్ళ అవతల ఉన్న కొంగ, తాను పుట్టిన చెరువు గొంతును కాళ్ళతో వింటుంది.

దాన్ని అనుకరించే యంత్రం కూడా తయారైంది. నడుమెత్తు ఇనప పీపా, లోపల బరువైన దిమ్మె, పైన ఎండతో నడిచే పలక. జంతుప్రదర్శనశాలలో కొంగల దొడ్డి పక్కన పాతి మీట నొక్కినప్పుడు మనుషులకు ఏమీ వినబడలేదు. కాపలావాడి టీ గ్లాసులో మాత్రం సన్నటి వలయాలు లేచాయి. దొడ్డిలో పదకొండు కొంగలున్నాయి. అన్నీ అక్కడే పుట్టి పెరిగినవి, చెరువు మొహం ఎరగనివి. ఒక్కొక్కటే మెడ తిప్పి పీపా వైపు చూశాయి. ఒక ముసలి కొంగ కంచె దాకా నడిచి వచ్చి అక్కడే నిలబడింది, చీకటి పడేదాకా కదల్లేదు. ఆ రోజు గిరిజకు గర్వంతో కళ్ళు చెమ్మగిల్లాయి. ఆ కొంగ మీద జాలిపడాలని తోచలేదు.

కాలవ నీళ్ళు ఫిబ్రవరి నెలాఖరుకు జోగన్నపల్లె చెరువుకు వదులుతామని పెద్ద ఆఫీసరు ఒకాయన కాగితం ఇచ్చాడు. సంతకం ఉంది, ముద్ర ఉంది. గిరిజ చదువుకున్నది కాబట్టి నమ్మింది. నీరుగంటి వన్నూరప్ప చదువుకోలేదు కాబట్టి నమ్మలేదు.

చెరువు తూము తెరిచేదీ మూసేదీ వన్నూరప్పే. ఏడేళ్ళుగా తెరవడానికి ఏమీ లేకపోయినా రోజూ పొద్దున కట్టమీద ఒకసారి నడిచి వస్తాడు. పీపాను పాతడానికి గిరిజ ఆయన్నే తోడడిగింది.

"నీళ్ళొచ్చినాంక పిలుద్దాం పాపా," అన్నాడాయన. "ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్ల, నీళ్ళే రాలేదు, అప్పుడే చుట్టాలను పిలుస్తానంటావు."

"నీళ్ళొచ్చేసరికి సునందకు తొమ్మిదో నెల పడతాది మామా."

వన్నూరప్ప ఆమె మొహంలోకి చూశాడు. "కొంగల కోసమా, సునంద కోసమా?"

"రెండింటికీ."

"రెండు పనులు ఒక పీపాతో కావులేమ్మా," అన్నాడు గాని పార అందుకున్నాడు. ఆ పీపాకు కూతపీపా అని పేరు పెట్టింది కూడా ఆయనే. ఇంట్లో ఎవరికీ చెప్పవద్దని గిరిజ మాట తీసుకుంది.

పాతిన మర్నాడే హంపమ్మ వాకిట్లో రాగిబిందె ముందు నిలబడిపోయింది. బిందెలో నీళ్ళు గాలి లేకుండానే వణుకుతున్నాయి.

"చెరువు పలుకుతాందే," అంది. "మా అత్త చెప్తాండె, చెరువు నిండే ఏడు బిందెలో నీళ్ళు ఆడతాయని." బిందెకు పసుపు రాసి కుంకుమ పెట్టింది. గిరిజ పక్కనే ఉంది. చెప్పడానికి అదే సమయం, నోటిదాకా వచ్చింది కూడా. తల్లి మొహంలో ఏడేళ్ళ తర్వాత కనబడిన ఆ వెలుగు చూసి మింగేసింది.

పదకొండో రోజున రెండు కొంగలు వచ్చాయి. ప్రతి ఏడూ ముందు ఇద్దరే వస్తారు, చెరువు చూసుకొని వెళ్ళి తక్కిన వాళ్ళను తెస్తారని ఊళ్ళో అంటారు, మనుషుల గురించి చెప్పినట్టే. అవి ఎండిన చెరువులో దిగాయి. నెర్రెలిచ్చిన మట్టిలో ముక్కు గుచ్చి తీశాయి, మళ్ళీ గుచ్చాయి. ముక్కు ఎండుమట్టి అంటోంది. కాళ్ళ కింద నేల నిండుచెరువు అంటోంది. చాలాసేపు అలాగే నిలబడి చివరికి నేల మాటే నమ్మాయి. వారం తిరగకముందే నాలుగు వందల పన్నెండు వచ్చాయి.

ఊరు ఊరంతా వాకిళ్ళలో నిలబడి ఆకాశంలోకి చూసింది. కొంగలను ఎన్నడూ చూడని పిల్లలు వాటి రెక్కల చివర గులాబీ రంగు చూసి ఎవరు అద్దారని అడిగారు. హంపమ్మ తనే ఫోన్ తీసుకొని వియ్యపురాలితో మాట్లాడింది, మరుసటి రోజే కారు మాట్లాడుకొని వెళ్ళి సునందను తీసుకొచ్చింది. సునంద కారు దిగి చింతచెట్టు వైపు తలెత్తిందో లేదో భుజం మీద రెట్ట పడింది. మూడేళ్ళలో మొదటిసారి ఆ పిల్ల కడుపారా నవ్వింది. ఆ నవ్వు వింటూ గిరిజ తాను చేసింది తప్పు కాదనుకుంది. ఆ రెండు నెలలు ఆ ఇంట్లో ఉన్న సంతోషం మాత్రం నిజమైనదే, అందులో అబద్ధం లేదు.

ఫిబ్రవరి అయింది, మార్చి సగమైంది. కాలవకు పైన ఎక్కడో గండి పడిందన్నారు. గండి పూడ్చాక, ముందు పట్నానికి తాగునీళ్ళన్నారు. రెండూ అబద్ధాలు కావు. గిరిజ ఆఫీసుల చుట్టూ తిరిగి చెప్పులరగదీసింది. గూళ్ళలో అప్పటికే గుడ్లు పగిలి పిల్లలు బయటికొచ్చాయి.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, పట్నం నుంచి మంచులో పెట్టిన చేపలు తెప్పించి చెరువులో పోశారు. కొంగలు వాటి పక్కనుంచే నడిచి వెళ్ళాయి. ఎర్రకాళ్ళ కొంగ కళ్ళతో వేటాడదు. నీళ్ళలో ముక్కు తెరిచి పెట్టి, తగిలిన చేపను పట్టుకుంటుంది. నీళ్ళు లేకపోతే ఎదురుగా చేపల కుప్ప ఉన్నా దానికి ఆకలి తీరదు. ఇన్నేళ్ళు కొంగల చెవిని చదివిన గిరిజకు వాటి నోటి సంగతి అప్పుడే తెలిసింది.

వన్నూరప్ప చెరువులో గుంట తవ్వించి, నీళ్ళు ఇంకకుండా ప్లాస్టిక్ పట్ట పరిపించాడు. బతికిన చేపలు తెచ్చి వదిలారు. ఊరికి వచ్చే ట్యాంకరు నీళ్ళు ఇంటికి నాలుగు బిందెలు, అందులో రెండు బిందెలు ఎవరూ చెప్పకుండానే ఆడవాళ్ళు తెచ్చి గుంటలో పోశారు. ఆ గుంట యాభై కొంగలకు సరిపోయేది. తక్కినవి పొద్దున లేచి ఎక్కడెక్కడికో ఎగిరిపోయి, సాయంత్రానికి ఒకటో రెండో చేపలతో తిరిగొచ్చేవి.

మార్చి చివర సునంద ఆడపిల్లను కన్నది. తల్లీబిడ్డా క్షేమం. ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చిన మూడోరోజు మధ్యాహ్నం పెరట్లో ఏదో పడిన చప్పుడైంది.

"ఏందమ్మా అది?" అంది సునంద మంచం మీంచి.

"చింతకాయలు రాలతాండాయి," అంది హంపమ్మ.

"మనం దులపలేదు కదా."

"పండితే అవే రాలతాయి. నువ్వు పండుకో."

హంపమ్మ చేట తీసుకొని పెరట్లోకి వెళ్ళింది. ఇంకా ఈకలు సరిగా రాని పిల్ల, డొక్క వీపుకు అంటుకుపోయింది. చేటలో పెట్టి కొంగు కప్పి వన్నూరప్పకు ఇచ్చింది. ఆయన చెరువులో గోయి తీసి పూడ్చాడు. ఆ రోజు నుంచి అదే పని. గూళ్ళలోంచి పగలంతా వినబడే పిల్లల కీచులాట దినదినానికి పలచబడింది. ఒకనాడు సునంద బిడ్డకు పాలిస్తూ, "ఈ పొద్దు ఏడు చింతకాయలమ్మా," అంది. అని బిడ్డను గుండెకు అదుముకొని వెక్కివెక్కి ఏడ్చింది. తనకు పాలు సమృద్ధిగా ఉన్నందుకు ఆ పిల్ల సిగ్గుపడింది. అది గిరిజ చూడలేకపోయింది.

పార తీసుకొని చెరువులోకి పోయి కూతపీపాను తవ్వి తీసింది, మీట కట్టేసింది. ఘోష ఆగిపోతే కొంగలు మోసం తెలుసుకొని నీళ్ళున్న చోటికి వెళ్ళిపోతాయని ఆశ. ఒక్కటీ కదల్లేదు. వచ్చేటప్పుడు నేల మాట విని వచ్చాయి. గూట్లో పిల్ల ఉన్నాక కొంగ ఇంకెవరి మాటా వినదు.

మట్టికొట్టుకున్న చేతులతో ఆమె ఇంటికి వచ్చేసరికి హంపమ్మ వాకిట్లో బిందె పక్కన కూర్చుని ఉంది.

"గిరిజా, బిందెలో నీళ్ళు నిలబడినాయి. యేం చేసి వచ్చినావు?"

గిరిజ అంతా చెప్పింది. పీపా సంగతి, కాగితం సంగతి, సునంద ఫోన్ సంగతి. తిడుతుందనుకుంది. తిడితే బాగుండేది.

"మీ అత్త పోయిన రోజు మీ అవ్వ ఇట్లనే కూచోని ఏడ్చె," అంది హంపమ్మ. "నేను ప్రేమతోనే పిలిస్తినే అని. కాదని ఎవురంటారు? లేని ఇంటికి ప్రేమతో పిలిచినా ఒకటే, పగతో పిలిచినా ఒకటే తల్లీ." బిందెకు పెట్టిన కుంకుమను తడిచేత్తో తుడిచేసింది.

శ్రావణం దాకా ఆగకుండా జ్యేష్ఠంలోనే కొంగలు లేచిపోయాయి. వాటి వెంట ఎగిరిన పిల్లలు తొమ్మిది. హంపమ్మ ఒక్కతే వెళ్ళి చింతచెట్టు మొదట్లో ఒడిబియ్యం పోసింది. వట్టి చేతులతో పోయే ఆడబిడ్డలకు ఏమని చెప్పాలో తెలియక, కొంగు నోట్లో కుక్కుకుంది. ఆ వారమే సునంద కూడా అత్తగారింటికి వెళ్ళింది. బిడ్డకు అయిదో నెల వచ్చేదాకా ఉండాల్సిన పిల్ల. పొమ్మని ఎవరూ అనలేదు. ఉండమనడానికి మాత్రం హంపమ్మకు నోరు రాలేదు.

పరిశోధనశాలలో గిరిజకు చప్పట్లు కొట్టారు. నాలుగు వందల పన్నెండు పక్షులు ఒక యంత్రం మాట విని వచ్చాయంటే చిన్న సంగతా? గిరిజ లేచి, చచ్చిపోయిన పిల్లల సంఖ్య కూడా చదివింది. డైరెక్టరు కులకర్ణి కళ్ళజోడు తుడుచుకుంటూ, "అది నీటి సమస్య అమ్మా, యంత్రం సమస్య కాదు," అన్నాడు. మంచి మనిషే, ఓదార్చడానికే అన్నాడు. అన్నది నిజం కూడా. ఆ నిజాన్ని ఆమె భరించలేకపోయింది. పక్షులు పోగొట్టుకున్న ఊళ్ళవాళ్ళు యంత్రం కావాలని రాస్తే ఎవరికీ ఇవ్వలేదు. పీపాను ఊరికి తెచ్చి అటక మీద పాత గంపల వెనక పెట్టింది.

నాలుగేళ్ళకు వాన పడింది. ఆశ్వయుజంలో మొదలై పట్టినపట్టు విడవకుండా కురిసింది. చెరువు నిండి, ఎక్కువైన నీళ్ళు మరవ మీదుగా పొంగి పారాయి. పదకొండేళ్ళ తర్వాత వన్నూరప్ప తూము తలుపు ఎత్తాడు, ఎత్తి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. నీళ్ళలో చేపపిల్లలు మిలమిలలాడాయి. రాగిబిందెలో నీళ్ళు వణకడం మొదలైంది. ఈసారి ఎవరూ ఏమీ పాతలేదు.

సునందకు మళ్ళీ కడుపు. ఆరో నెల. మొదటి కాన్పుకు పుట్టింట్లో తనివితీరా ఉండలేకపోయిన బెంగ ఆ పిల్లకు ఇంకా ఉంది. హంపమ్మ ఈసారి గాదె నింపి పెట్టుకుంది, పాత చీరలు ఉతికి బొంతలు కుట్టింది. గిరిజ సెలవు పెట్టి వచ్చింది. తల్లీకూతుళ్ళు రోజూ కట్టమీదికి వెళ్ళేవాళ్ళు, ఎందుకని ఒకరినొకరు అడగలేదు.

పుష్యమాసంలో ఒక ఉదయం రెండు కొంగలు వచ్చాయి. చెరువు మీద ఒక చుట్టు తిరిగాయి. కిందికి దిగుతూ కాళ్ళు చాచాయి. ఒడ్డున బురదలో నిలిచాయి. అంతే, నిప్పు తొక్కినట్టు రెండూ ఒక్కసారి లేచాయి. ఇంకో చుట్టు తిరగలేదు. దక్షిణంగా పోయి చుక్కలయి, ఆ చుక్కలూ లేకుండా పోయాయి.

ఎందుకో ఊరికి అర్థం కాలేదు. గిరిజకు అర్థమైంది. కొంగకు పాతికేళ్ళ ఆయుష్షు. అవి మరిచిపోలేదు. ఆ నేల ఆ గొంతుతో పలికితే పిల్లలు చస్తారు, వాటికి తెలిసింది అంతే. నిజమైన చెరువు నిజంగా పిలుస్తోంది, ఆ పిలుపునే ఆమె విషం చేసింది.

"అమ్మా, ఒక దారుంది," అంది కట్టమీద కూర్చొని. "పీపాను తిరగేసి నడిపిస్తే, ఎదురు వణుకు పుట్టి చెరువు ఘోష అణిగిపోతాది. గొంతు వినపడకుంటే కొత్త చెరువనుకోని దిగుతాయి. ఈసారి నీళ్ళుండాయి కదా, చేపలుండాయి. మోసం కాదు."

హంపమ్మ నీళ్ళ వైపే చూస్తోంది. "ముందు లేనిదాన్ని ఉన్నట్ల చూపిస్తివి. ఇప్పుడు ఉన్నదాన్ని లేనట్ల చూపిస్తానంటావు. వాటికి అనిపించింది అనుకోనీ. రావద్దనుకుంటే రావద్దనుకోనీ. ఆ హక్కన్నా మిగల్నీ."

"సునంద..."

"సునందకు నేను చెప్పుకుంటాలే."

కాని చెప్పుకోలేకపోయింది. ఇంటికి వచ్చి గాదె ముందు చాలాసేపు నిలబడింది. తర్వాత చేటలో దోసెడు బియ్యం తీసుకొని, ఏ కొంగా వాలని చింతచెట్టు మొదట్లో పోసి వచ్చింది. వచ్చి చూసి పోయినవాళ్ళకైనా ఒడి నింపకుండా పంపకూడదు. అప్పుడే ఫోన్ మోగింది. హంపమ్మ దాన్ని తీయకుండా గిరిజ వైపు జరిపింది.

"అక్కా, కొంగలొచ్చినాయా?"

గిరిజ అటక వైపు చూసింది. గంపల వెనక పీపా అంచు కనబడుతోంది.

"వచ్చినాయి," అంది. "చూసుకోని పోయినాయి."

ఫోన్లో వెనక ఎక్కడో సునంద నాలుగేళ్ళ కూతురు ఏదో పాడుకుంటోంది.

"చెరువు నిండిందంటివి కదక్కా."

"నిండిందే," అంది గిరిజ. వాకిట్లో రాగిబిందెలో నీళ్ళు వణుకుతూనే ఉన్నాయి.